సగం వాటా అని రాసిచ్చిన కాగితం

నాకు అక్షరాలు వచ్చేసరికి ముప్పై ఎనిమిదేళ్లు. ఆ వయసుకు మా పేటలో ఆడవాళ్లు కోడళ్లను తెచ్చుకుంటారు, నేను పలక తెచ్చుకున్నాను. స్కూలు వరండాలో సాయంత్రం పూట నేర్పేవాళ్లు. పగలంతా నెత్తళ్లు ఎండబెట్టిన చేతులతోనే వెళ్లి కూర్చునేదాన్ని. నా పలకకు కూడా నీచు వాసన పట్టేసింది. నేర్పిన పంతులమ్మ ఒక్కరోజు కూడా ముక్కు మూసుకోలేదు. అందుకే ఆమెను తలుచుకుంటే ఇప్పటికీ చేతులు జోడించాలనిపిస్తుంది.

చదువు మీద ప్రేమతో నేర్చుకున్నానని చెబితే అబద్ధం. కోపంతో నేర్చుకున్నాను. నా మొగుడు సముద్రంలో పోయిన ఏడు ఒక పెద్దమనిషి నష్టపరిహారం ఇప్పిస్తానని కాగితాలు తెచ్చాడు. నా ఎడమచేతి బొటనవేలు తనే పట్టుకుని సిరాలో అద్ది ముద్ర వేయించుకున్నాడు. డబ్బు వచ్చింది. తిరిగినందుకు అందులో మూడో వంతు తనకు ఇస్తానని నేను ఒప్పుకున్నట్టు ఆ కాగితాల్లోనే ఉందట. అడగడానికి వెళితే, "నీ వేలే కదమ్మా ఇది" అన్నాడు. నా వేలే. ఆ రోజు ఇసుకతో రుద్ది రుద్ది ఆ సిరా పోగొట్టుకున్నాను. ఇక ఏ కాగితం మీదా వేలు పెట్టనని ఒట్టు పెట్టుకున్నాను. రేషన్ మిషన్‌లో పెడతాను, అది వేరు. అది యంత్రం. మనిషి చేతిలో ఉన్న కాగితం మీద మాత్రం ఈ మధ్య వరకు పెట్టలేదు.

ఈ మధ్య ఎందుకు పెట్టాల్సి వచ్చిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నా మనవరాలు, అంటే నా కొడుకు కూతురు, ఇంటర్ అయ్యాక కావలిలో డిగ్రీలో చేరింది. మూడేళ్ల చదువు. బ్యాంకులో చదువు అప్పు తీసుకున్నాం. తండ్రి హామీగా పక్క సంతకం చేయాలన్నారు గానీ వాడి మీద వల కోసం తీసుకున్న పాత అప్పు ఒకటి కట్టకుండా పడి ఉంది. వాడి పేరు చూడగానే వద్దన్నారు. నేను పొదుపు సంఘంలో పదిహేనేళ్లు లీడరుగా చేశాను, ఒక్క వాయిదా తప్పలేదు. "అయితే మీరే చేయండమ్మా" అన్నారు. చేశాను. నా పేరు మొత్తం, ఇంటిపేరుతో సహా, ఒక్కో అక్షరం ఒక్కో ముగ్గు వేసినట్టు రాశాను. నా వెనక నిలబడ్డ వాళ్లకు విసుగు పుట్టి ఉంటుంది. పుట్టనివ్వు అనుకున్నాను.

మొదటి ఏడు అయిపోయిన ఎండాకాలంలో, వేట నిషేధం రోజుల్లో, పడవలన్నీ ఒడ్డున ఉన్నప్పుడు, నేను ఇసుకలో వల పరిచి మిగిలిన నెత్తళ్లు తిరగేస్తుంటే మనవరాలు వచ్చి పక్కన కూర్చుంది.

"అవ్వా, కోర్సు మారతా."

"ఏంది మారేది, చీరా?"

"నవ్వొద్దు. నెల్లూర్లో నాలుగేళ్ల డిగ్రీ ఉండాది. తిండి వస్తువులు చెడిపోకుండా నిలవ చేసేది నేర్పిస్తారు. నేను చదివిన మొదటేడు లెక్కలోకి తీసుకుని రెండో ఏట్లో చేర్చుకుంటారంట. మూడో ఏడు మొత్తం తడ దగ్గర కంపెనీలో పెట్టి పని నేర్పిస్తారు, నెలనెలా కొంచెం డబ్బు ఇస్తారు. నాలుగో ఏడు మళ్లీ కాలేజీ."

"చేపలు చెడిపోకుండా చేసేదానికి నాలుగేళ్లా? నేను నాలుగు రోజుల్లో నేర్చుకున్నా, మా అత్త చేత రెండు దెబ్బలు తిని."

"నీ చేపలు వానొస్తే చెడిపోతాయి కదవ్వా."

పోయిన కార్తీకంలో మూడు గంపలు పురుగు పట్టి గుంటలో పూడ్చింది మేమిద్దరమే.

"ఇప్పుడు చదివేది ఏమైంది మరి?" అన్నాను.

"నా ముందు బ్యాచ్‌లో పాసైన అక్కలు యాడ ఉండారో చూసినావా? ఒకామె బట్టలకొట్లో మడతలు పెడతా ఉండాది. ఇద్దరు రొయ్యల షెడ్డులో ఉండారు. షెడ్డుకి పోయేదానికి డిగ్రీ ఎందుకు? ఇప్పుడే పోతా."

ఆ పిల్ల ఏదైనా అడిగితే ముందే ఆలోచించుకుని అడుగుతుంది. ఆ నెలలోనే నెల్లూరు వెళ్లి పరీక్ష రాసింది. కంపెనీ వాళ్లు కూడా వచ్చి పిల్లలను ఎంచుకున్నారట. మూడో ఏడు తీసుకుంటామని పేరు వేసి ఒక కాగితం చేతికిచ్చారు. ఆ కాగితం మా ఇంట్లో అందరం చూశాం. కొడుకు తడి చేతులు లుంగీకి తుడుచుకుని మరీ పట్టుకున్నాడు.

కావలి కాలేజీలో టీసీ తీసుకుంది. నెల్లూరులో సీటు ఇచ్చారు. ఫీజు కట్టడానికి గడువు పెట్టారు. గవర్నమెంటు ఇచ్చే ఫీజు డబ్బులు ఈ కోర్సుకు లేవన్నారు. ఇక మిగిలింది బ్యాంకు.

కావలి బ్యాంకులో అప్పులు చూసే ఆఫీసరమ్మ చిన్న వయసుది, నా మనవరాలికంటే పదేళ్లు పెద్దదై ఉంటుంది. మర్యాదస్తురాలు. నన్ను కూర్చోబెట్టి చెప్పింది. పాత అప్పు పాత చదువుకు, పాత కాలేజీకి ఇచ్చింది. చదువు మారితే అప్పు దానంతట అది వెంట రాదు, పెద్దాఫీసు మళ్లీ ఒప్పుకోవాలి. టీసీ, కొత్త కాలేజీ కాగితం, ఫీజుల కాగితం కావాలి. వాటితోపాటు పక్క సంతకం చేసిన నేను ఒక కాగితం రాసివ్వాలి.

"ఏం రాయాలమ్మా?"

"చదువు ఎందుకు మారిందో, ఆ మూడో ఏడు పాప ఏం చేస్తదో, ఖర్చులు ఎట్ట చూసుకుంటారో. మీ మాటల్లోనే రాయండి. తెలుగులో చాలు."

నా మాటల్లో రాయమని నన్ను జీవితంలో ఎవరూ అడగలేదు. అంతకు ముందు నేను రాసినవన్నీ సంఘం పుస్తకంలో పేర్లు, సంతకాలు, కిరాణా చీటీలు. ఆ రోజు షేర్ ఆటోలో ఇంటికి వస్తుంటే పెళ్లికి పిలిచినంత సంబరంగా ఉంది. ఆ సంబరమే నా నెత్తి మీదికి తెచ్చింది.

మరుసటి రోజు పొద్దున మనవరాలు మార్కుల కాగితాల పని మీద కావలి పోయింది. నేను గుమ్మంలో కూర్చుని, పీట మీద కాగితం పెట్టుకుని రాయడం మొదలుపెట్టాను. నా కొడుకు వల బాగుచేసుకుంటూ ఓ కంట చూస్తున్నాడు.

"ఏం కలెక్టరమ్మా, ఏం ఆర్డరేస్తా ఉండావు?"

"నీ మీద. నువ్వు వల అప్పు కట్టలేదని."

"పాప వచ్చినాక చూపించి ఇయ్యకూడదా?"

"నాకు రాదనా?"

"నేనేమంటి? చూపించు అంటి."

చూపించలేదు. మధ్యాహ్నం ఆటోకే వెళ్లి ఇచ్చి వచ్చాను.

ఇక్కడ మా పడవల సంగతి చెప్పాలి, లేకపోతే నేను చేసింది ఎవరికీ అర్థం కాదు. వేట నుంచి వచ్చాక చేపలు అమ్మిన డబ్బు పంచుకుంటారు. పడవకు వాటా, వలకు వాటా, ఇంజనుకు వాటా పోగా మిగిలింది మనుషులకు. పని తెలిసిన మనిషికి నిండు వాటా. కొత్తగా ఎక్కినవాడికి సగం వాటా. వాడు నీటి రంగు చూసి చేప జాడ పట్టేదాకా, వల విసిరేటప్పుడు కాళ్లకు తగులుకోకుండా నిలబడేదాకా సగమే. కానీ వాడు మొదటి రోజు నుంచీ పడవ మనిషే. నేర్చుకునేవాడు వేరు, పనిచేసేవాడు వేరు అనే ఊహే మాకు లేదు. ఒడ్డున ఇసుకలో కూర్చుని సముద్రం నేర్చుకున్నవాడు మా పేటలో ఎవడూ లేడు. ఇంకొకటి. నిషేధం రోజుల్లోనే పడవ యజమాని తాంబూలం ఇచ్చి మనిషిని మాట్లాడుకుంటాడు. తాంబూలం చేతిలో పడిందంటే ఆ రోజు నుంచే వాడు పనిలో చేరినట్టు. పడవ నీళ్లలోకి దిగడానికి ఇంకా నెల ఉన్నా సరే, "మా వాడు ఫలానా పడవలో చేరినాడు" అనే చెబుతాం.

కంపెనీ వాళ్లు పేరు వేసి ఇచ్చిన కాగితం నా కంటికి తాంబూలమే. అందుకని ఇలా రాశాను. ప్రతి మాటా గుర్తుంది.

"నా మనవరాలు తడ దగ్గర కంపెనీలో పనిలో చేరింది. నేర్చుకునేదాకా సగం వాటా ఇస్తారు. ఆ డబ్బుతో తన ఖర్చు తానే చూసుకుంటుంది. బుద్ధిమంతురాలు. కాబట్టి తమరు దయచేసి ఫీజు ఇవ్వవలెను."

మూడో ఏడు అని రాయలేదు. అడిగిందే మూడో ఏటి సంగతి కదా, మళ్లీ చెప్పడం ఎందుకనుకున్నాను. కింద సంతకం పెట్టాను. బాగా కుదిరిందనుకున్నాను కూడా.

పన్నెండు రోజులకు పోస్టులో కవరు వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. మనవరాలు గుమ్మంలోనే నిలబడి చదివింది, మళ్లీ మొదటి నుంచి చదివింది, ఆ తర్వాత లోపలికి వచ్చి కింద కూర్చుంది.

"ఏమంటా ఉండారు?"

"చదువు మానేసి ఉద్యోగంలో చేరినాను కాబట్టి ఇంక ఫీజు ఇవ్వరంట. ఇచ్చిందాని మీద వాయిదాలు వచ్చే నెల నుంచి కట్టాలంట."

"ఎవరు మానేసింది?"

"నేను."

"నువ్వు యాడ మానేసినావు, ఇక్కడే ఉండావు కదా?"

ఆ పిల్ల నా ముఖంలోకి చూసింది. "నువ్వు ఏం రాసిచ్చినావవ్వా?"

చెప్పాను. ఒక్క మాట పొల్లుపోకుండా, పద్యం అప్పజెప్పినట్టు చెప్పాను. అప్పటికీ నా తప్పు నాకు తెలియలేదు. చెబుతూ ఉంటే దాని ముఖం మారడం చూసి అప్పుడు తెలిసింది. అది అరవలేదు. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని, ఇద్దరికీ తేలికయ్యేది. మెల్లగా అంది.

"నీకు రాయడం రాకపోయుంటే బాగుండేదవ్వా. వేలిముద్ర వేసేదానివైతే నేనే రాసుండేదాన్ని."

నా మొగుడి శవం మూడో రోజు ఒడ్డుకు కొట్టుకొచ్చినప్పుడు కూడా నేను నిలబడే ఉన్నాను. ఆ మాటకు మాత్రం లేచి వెళ్లి పొయ్యి ముందు కూర్చున్నాను. వండడానికి ఏమీ లేదు, ఊరికే కూర్చున్నాను.

నెల్లూరు ఫీజు గడువు వచ్చే శనివారం దాకా, తొమ్మిది రోజులుంది.

మొదట మనవరాలు కావలి పాత కాలేజీకి పోయింది, వెనక్కి చేర్చుకుంటారేమో అడగడానికి. టీసీ ఇచ్చేశాం, పేరు కొట్టేశాం, వచ్చే ఏడు రమ్మన్నారు. అంటే అటు పాత చదువు పోయింది, ఇటు కొత్తది రాలేదు. మధ్యలో నేను రాసిన ఐదు వాక్యాలున్నాయి.

నేను బ్యాంకుకు పోయాను. ఆఫీసరమ్మ సెలవు. సోమవారం మళ్లీ పోయాను. ఆమె కంప్యూటర్ తెర నా వైపు తిప్పింది. నా కాగితం ఆ తెర మీద ఉంది. నా అక్షరాలు అంత పెద్దగా, వెలుగుతూ, నేను ఎప్పుడూ చూడలేదు. చక్కగానే ఉన్నాయి. అదే నాకు సిగ్గనిపించింది.

"ఇది మీ చేతిరాతే కదమ్మా?"

"నాదే."

"పనిలో చేరింది అని మీరే రాసినారు. నేనప్పుడు సరిగ్గా చదవకుండానే పైకి పంపించినా, అది నా తప్పే. అక్కడ వాళ్లు చదివి, చదువు ఆపేసింది, ఉద్యోగం చేస్తా ఉంది, జీతం వస్తా ఉంది అని ఎక్కించేసినారు."

పడవల లెక్క చెప్పాను. నిండు వాటా, సగం వాటా, తాంబూలం, అన్నీ చెప్పాను. పక్క కుర్చీలో పొలం కాగితాలు పట్టుకుని కూర్చున్న ఒకాయన నవ్వాడు.

"పడవ లెక్కలు బ్యాంకులో చెప్తే ఎట్టమ్మా?"

"ఇందాక నువ్వు నీ వరి లెక్కలు చెప్పినావు. నేను నవ్వినానా?"

ఆయన కాగితాల్లోకి చూసుకున్నాడు. ఆఫీసరమ్మ మాత్రం నవ్వలేదు.

"మీరు చెప్పింది నాకు అర్థమైందమ్మా. నాకు అర్థమైతే చాలదు. కంపెనీలో చేసే ఏడు కూడా చదువులో భాగమే, నాలుగేళ్లూ పాప విద్యార్థే అని కాలేజీ వాళ్లు రాసివ్వాలి. ముందు ఇచ్చిన కాగితం పొరపాటు అని మీరు ఇంకొకటి రాసివ్వాలి. రెండూ గురువారం సాయంత్రం నాలుగు లోపల నా దగ్గరికి రావాలి. అప్పుడే శనివారం లోపల ఏమైనా జరిగితే జరుగుతుంది. జరుగుతుందని నేను చెప్పలేను."

ఇంటికి వచ్చేసరికి మనవరాలు లేదు. రొయ్యల షెడ్డు వ్యాను ఎక్కి పోయిందని పక్కింటామె చెప్పింది. సాయంత్రానికి వచ్చింది. ఐసు నీళ్లలో తలకాయలు గిల్లీ గిల్లీ వేళ్ల కొసలు తెల్లగా ఉబ్బి, పొలుసులు లేచి ఉన్నాయి. ఆ చేతులు నాకు తెలుసు. నావి అలాగే ఉండేవి.

"ఎవరు పొమ్మన్నారు నిన్ను?"

"వాయిదాలు వచ్చే నెల నుంచి కట్టాల కదా. ఎవరు కడతారు?"

"నేను కడతా."

"ఏం పెట్టి కడతావవ్వా? నెత్తళ్లా?"

ఎగతాళి చేసినట్టు లేదు, నిజంగానే అడిగినట్టుంది. నేను పళ్లెంలో అన్నం పెట్టి ఇస్తే రెండు ముద్దలు తిని చేయి కడుక్కుంది. కొడుకు వేటకు పోయి ఉన్నాడు, ఇంట్లో మేమిద్దరమే. నా వల్ల ఆ పిల్ల షెడ్డులో ముసలిదవుతుందని నాకు అప్పుడు ఖాయంగా అనిపించింది. దేవుడికి మొక్కుకోవడం నాకు అలవాటు లేదు, మొగుడు పోయినప్పుడే మానేశాను. ఆ రోజు మొక్కుకుందామంటే ఏ దేవుడితో ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

బ్యాంకులో చెప్పింది పొద్దున చెప్పాను. విన్నది, తల దువ్వుకుని బిట్రగుంటలో రైలెక్కి నెల్లూరు పోయింది. కాలేజీలో సంతకం పెట్టే సారు మీటింగులో ఉన్నాడని సాయంత్రం దాకా కూర్చోబెట్టి పంపించేశారు. బుధవారం మళ్లీ పోయింది. ఈసారి ఆయన గది ముందు నుంచి కదలలేదట, నీళ్లకు కూడా లేవలేదట. కాగితం తెచ్చింది. ముద్ర, సంతకం, తారీఖు, అన్నీ ఉన్నాయి. అది ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఆ కవరు బట్టలో చుట్టి పెట్టింది.

నా కాగితం ఈసారి అది చెప్పింది, నేను రాశాను. "నా మనవరాలు చదువు మానలేదు. కంపెనీలో ఉండే సంవత్సరం చదువులో భాగం. ముందు రాసిచ్చినది నాకు తెలియక చేసిన పొరపాటు." తెలియక అన్నచోట కలం ఆగింది.

"ఆ మాట ఉండాల్నా?"

"ఉండాలవ్వా."

రాశాను.

గురువారం మూడున్నరకు బ్యాంకులో ఉన్నాం. నాలుగింటికి కాగితాల సంచి నెల్లూరు పోతుంది. ఆఫీసరమ్మ రెండు కాగితాలూ చదివింది, బాగున్నాయంది. నా సంతకం పాత సంతకంతో పోల్చింది. ఆమె నొసలు ముడిపడింది.

"కలవట్లేదమ్మా. ఇంకోసారి పెట్టండి, ఇక్కడ."

పెట్టాను. నా కుడిచేతి చూపుడువేలికి ఆ వారమే ముల్లు దిగి చీము పట్టింది. అసలు సంగతి అది కూడా కాదు. చదువుకున్నవాళ్లు సంతకం పెడతారు, నేను నా పేరు రాస్తాను. ప్రతిసారీ కొత్తగా రాస్తాను. అప్పుడు సంబరంగా రాసిన పేరు, ఇప్పుడు భయంతో రాసిన పేరు ఒకేలా ఎలా ఉంటాయి?

"కలవట్లేదు."

మూడోసారి రాశాను. ఇంటిపేరులో ఒక అక్షరం పక్కకు ఒరిగిపోయింది.

"నేనే కదమ్మా నీ ఎదురుగా కూర్చోనుండేది."

"మీరేనని నాకు తెలుసు. పాత సంతకంతో కలవకపోతే వాళ్లు వెనక్కి పంపిస్తారు. మళ్లీ సంచి పోయేది రేపు కాదు, సోమవారమే." గోడ గడియారం వైపు చూసింది. "ఒక దారి ఉంది. వేలిముద్ర వేయండి, ఇద్దరు సాక్షులను పెడతాను. ఇప్పుడే పంపిస్తాను."

టేబుల్ మీద ఊదారంగు సిరా డబ్బా ఉంది. మూత తీసే ఉంది. నష్టపరిహారం పెద్దమనిషి తెచ్చింది కూడా ఇలాంటి డబ్బానే. ముప్పై ఏళ్లు నేను దూరం పెట్టిన డబ్బా. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. రాయమని అడిగిన ఈ అమ్మ మీదా, చూపించమని చెప్పిన నా కొడుకు మీదా, చూపించని నా మీదా.

మనవరాలు వెనక నుంచి నా భుజం మీద చేయి వేసింది. దానికి నా ఒట్టు సంగతి తెలుసు, చిన్నప్పుడు కథలాగా చెప్పేదాన్ని.

"వద్దులే అవ్వా. పోదాం రా. షెడ్డు ఉండాది కదా."

భుజం మీద ఉన్న ఆ వేళ్లు చూశాను. పొలుసులు ఇంకా మానలేదు. ఎడమచేయి చాపాను. ఆఫీసరమ్మ పట్టుకోబోయింది.

"పట్టుకోవద్దు. నేనే వేస్తా."

వేశాను. గేటు దగ్గర గార్డు, పాసుబుక్కు కోసం నిలబడ్డ ఒక ఆడమనిషి సాక్షులుగా సంతకాలు చేశారు. ఆ ఆడమనిషి చకచకా, కాగితం వైపు సరిగ్గా చూడకుండానే గీసి పారేసింది. కలిసిందో లేదో ఆమెను ఎవరూ అడగలేదు. సంచి నాలుగుకు పోయింది.

బయటికి వచ్చాక మనవరాలు కుళాయి దగ్గర సబ్బు ముక్క కోసం వెతికింది. "ఉండనీ" అన్నాను. "అదే పోతాది." ఆటోలో అది నా ఎడమచేయి తన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తను అన్న మాట వెనక్కి తీసుకోలేదు. నేనూ అడగలేదు. దాని మాటలో నిజం ఉంది.

శుక్రవారం గడిచింది. శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకు మనవరాలి ఫోనుకు మెసేజ్ వచ్చింది, ఫీజు కాలేజీకి పోయిందని. అది ఆ రోజంతా ఫోను మూసి తెరిచి అదే చూసుకుంది. సోమవారం రైలెక్కింది. నేను స్టేషన్‌కు పోలేదు, నెత్తళ్లు ఎండలో ఉన్నాయి.

ఇంతటితో అయిపోయిందనుకుంటే కాదు. తర్వాత వచ్చిన కాగితంలో రెండో ఏడుకు, నాలుగో ఏడుకు ఫీజు ఇస్తామని ఉంది. మూడో ఏడుకు ఏమీ ఇవ్వరట. ఎందుకంటే కంపెనీ డబ్బు ఇస్తుంది కదా అట. నేను సగం వాటా ఇస్తారని రాస్తే, అది ఉద్యోగం అని చదువు ఆపేశారు. ఉద్యోగం కాదు చదువే అని ఒప్పించాక, ఆ సగం వాటా ఉంది కదా అని ఖర్చు ఆపేశారు. కంపెనీ ఏడులో కూడా కాలేజీకి ఫీజు కట్టాలి. తడ దగ్గర గదికి అడ్వాన్సు ముందే ఇవ్వాలి. కంపెనీ డబ్బు మొదటి రెండు నెలలు రాదని, వచ్చాక కూడా గది అద్దెకే సరిపోతుందని పై క్లాసు పిల్లలు చెప్పారట. పడవ మీద సగం వాటా వాడికి కనీసం కూరకు చేపలు ఇస్తారు.

ఆ మూడో ఏడు వచ్చే జూన్‌లో మొదలు. కట్టలేకపోతే కంపెనీ సీటు ఇంకొకరికి పోతుంది, అది లేకుండా డిగ్రీ ఇవ్వరు. అంటే మళ్లీ షెడ్డే. నా కొడుకు వల అప్పు కట్టడం మొదలుపెట్టాడు, వాడి పేరు బాగైతే ఏదైనా చేయవచ్చని. అది జూన్ లోపల తీరేది కాదని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. రోజూ పొద్దున లేవగానే నాకు ముందు గుర్తొచ్చేది జూనే.

మూడో ఏడుకు కూడా అప్పు ఇవ్వమని అర్జీ పెట్టుకోవచ్చని ఆఫీసరమ్మ చెప్పింది. ఇస్తారని నమ్మకం లేదంది. ఇంకో మాట కూడా చెప్పింది, చెప్పడానికి ఇబ్బంది పడుతూనే.

"ఇక మీదట ఈ అప్పు కాగితాలన్నిటికీ మీ వేలిముద్రే అమ్మా. కంప్యూటర్లో అట్టనే మార్చేసినారు."

అర్జీ రాశాను. ఈసారి ఎవరూ చెప్పి రాయించలేదు. రాశాక మనవరాలికి ఫోన్లో చదివి వినిపించాను. నేర్చుకునే ఏడు అని రాశాను, వాటా అనే మాట ఎక్కడా లేదు. గది అద్దె, రైలు చార్జీ, ఫీజు వరుసగా రాశాను.

"బాగుందవ్వా. ఒక్క తప్పు కూడా లేదు" అంది.

ఒకటిన్నర పేజీ వచ్చింది. మొత్తం నా అక్షరాలే, సూటిగా, ఒరగకుండా. కింద, పేరు రాయాల్సిన చోట, బొటనవేలంత జాగా వదిలిపెట్టాను. సోమవారం కావలి పోవాలి.